మావయ్య బోటుకి ఎన్ని గుర్రాలు కావాలి?

నేను ఇంజినీరింగ్ చదువుతున్నానని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఏ బ్రాంచో ఎవరికీ పట్టదు. ఫ్యాను తిరక్కపోయినా, మోటారు నీళ్లు లాగకపోయినా "నువ్వు ఇంజినీరింగే కదరా, ఓసారి చూడు" అంటారు. కంప్యూటర్ సైన్స్ అని చెప్పీ చెప్పీ అలిసిపోయి ఊరుకున్నాను. కానీ ఏప్రిల్‌లో మావయ్య ఫోన్ చేసి అడిగిన ప్రశ్నకి మాత్రం నవ్వి తప్పించుకోలేకపోయాను.

"ఏరా అల్లుడూ, బోటుకి ఇంజిన్ మార్చాలి. ఏది కొనమంటావు?"

మావయ్యది ఉప్పాడకి ఉత్తరాన సముద్రం ఒడ్డున ఒక ఊరు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తూర్పు తీరంలో ఇంజిన్ బోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. బోట్లు బాగుచేయించుకోవడం, వలలు అల్లుకోవడం, ఇంజిన్ కొనడం అమ్మడం అన్నీ ఆ రెండు నెలల్లోనే. మావయ్య బోటుకి అప్పటిదాకా ఉన్నది పొడుగు తోక డీజిల్ ఇంజిన్. ఇంజిన్ బోటులో కూర్చుంటుంది, దాని నుంచి పొడవాటి రాడ్డు వెనక్కి నీళ్లలోకి దిగుతుంది, రాడ్డు చివర ప్రొపెల్లర్ ఉంటుంది. ఆ ఇంజిన్ పక్కన పదిహేనేళ్లు కూర్చుని మావయ్యకి కుడి చెవి సగం పోయింది. ఫోన్ కూడా ఎడమ చెవికే పెట్టుకుంటాడు.

ఈసారి అవుట్‌బోర్డ్ వేద్దామని ఆయన ఆలోచన. ఇంజిన్, గేర్లు, ప్రొపెల్లర్ అన్నీ ఒకే ముక్కగా ఉండి బోటు వెనక చెక్కకి తగిలించే మోటారునే అవుట్‌బోర్డ్ అంటారు. దానికి వేరే చుక్కాని అక్కర్లేదు, మోటారునే పక్కకి తిప్పితే బోటు తిరుగుతుంది. పక్క ఊళ్లో ఎవరో 25 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ సెకండ్‌హ్యాండ్‌లో అమ్ముతున్నారట, చవగ్గా వస్తుందట. "పదికి బదులు పాతికంటే రెండున్నర రెట్లు స్పీడు కదరా?" అన్నాడు.

నాకూ అలాగే అనిపించింది. పరీక్షలయ్యాక ఒక వారం కూర్చుని చదివితే కాదని అర్థమైంది. చదివింది, మావయ్య దగ్గర నేర్చుకుంది కలిపి ఇక్కడ రాస్తున్నాను. మెకానికల్ మిత్రులు ఎక్కడైనా తప్పు కనబడితే క్యాంటీన్‌లో పట్టుకోండి.

ముందు బోటు, తర్వాత ఇంజిన్

ఇంజిన్ కేటలాగ్ తెరిచే ముందు బోటుని కొలవాలి. మావయ్యది ఎనిమిదిన్నర మీటర్ల ఫైబర్ బోటు. అందులో నీటిని తాకుతూ ఉండే పొడవు సుమారు 25 అడుగులు. బోటు, నలుగురు మనుషులు, వలలు, ఐసు, తిరిగొచ్చేటప్పుడు చేపలు, అన్నీ కలిపి రెండు టన్నులు వేసుకున్నాం.

ఈ రెండు సంఖ్యలూ తెలిస్తే సగం పని అయిపోయినట్టే. ఎలాగంటే, బరువైన బోటు నీళ్లని తోసుకుంటూ పోతుంది. ముందు ఒక అల లేస్తుంది, దాని వెనక ఇంకొకటి. వేగం పెరిగేకొద్దీ ఆ రెండు అలల మధ్య దూరం కూడా పెరుగుతుంది. ఆ దూరం బోటు పొడవుతో సమానమయ్యే వేగం ఒకటుంటుంది. దాన్ని దాటబోతే బోటు ముక్కు ముందు అల మీద, వెనక భాగం పల్లంలో ఉంటుంది. అంటే తను లేపిన అలనే తను ఎక్కలేక ఎదురెక్కుతూ ఉంటుంది. దీన్ని హల్ స్పీడ్ అంటారు. లెక్క తేలికే. నీటిని తాకే పొడవుని అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే వేగం నాట్లలో వస్తుంది. 25కి వర్గమూలం 5. కాబట్టి 6.7 నాట్లు, అంటే గంటకి సుమారు 12.4 కిలోమీటర్లు.

ఇది బండరాతి గోడేం కాదు. సన్నగా పొడుగ్గా ఉండే బోట్లు కొంచెం దాటుతాయి. కానీ ఆ వేగం దగ్గరకొచ్చాక ఎంత పవర్ పోసినా ఎక్కువ భాగం పెద్ద పెద్ద అలలు లేపడానికే పోతుంది.

మన భాషలో చెప్పాలంటే ఇది బాటిల్‌నెక్. హార్డ్‌డిస్క్ నెమ్మదిగా ఉన్న ల్యాప్‌టాప్‌కి కొత్త గ్రాఫిక్స్ కార్డు కొన్నట్టు.

వేగం కొంచెం, ఖర్చు చాలా

హల్ స్పీడ్ కంటే కింద కూడా సంగతి అంత సుఖంగా ఏమీ ఉండదు. కావాల్సిన పవర్ దాదాపుగా వేగం ఘనంతో పెరుగుతుంది. అల్గారిథమ్స్ క్లాసులో మూడు లూపులు ఒకదాంట్లో ఒకటి రాస్తే సార్ ఎలా చూస్తారో తెలుసు కదా, అదే ఎన్ క్యూబ్. తిప్పి చూస్తే ఇందులోనే లాభం కూడా ఉంది. 6.7 నాట్ల నుంచి 6 నాట్లకి తగ్గితే వేగం పది శాతమే పోతుంది. పవర్ మాత్రం దాదాపు 28 శాతం ఆదా అవుతుంది. పదిహేను కిలోమీటర్ల దూరానికి తేడా పది నిమిషాలు కూడా ఉండదు.

మరి ఎంత పవర్ చాలు? ఇలాంటి బరువు బోట్లకి వాడుకలో ఉన్న అంచనా టన్నుకి నాలుగైదు హార్స్‌పవర్. రెండు టన్నులకి ఎనిమిది నుంచి పది. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు. మనిషి గంటలతరబడి తెడ్డు వేస్తే ఇచ్చేది 75 వాట్లకి అటూ ఇటూ. అంటే పది హార్స్‌పవర్ ఇంజిన్ వంద మంది తెడ్డు వేసినట్టు.

25 హార్స్‌పవర్ వేస్తే బోటు నీళ్ల మీద తేలిపోతూ జారదా అని మావయ్య అడిగాడు. స్పీడ్ బోట్లు అలాగే వెళతాయి, నీళ్లని చీల్చకుండా నీటి పైకి లేచి జారతాయి. కానీ అలా లేవాలంటే ప్రతి హార్స్‌పవర్ మీద పడే బరువు పాతిక కిలోలకి మించకూడదని ఒక అంచనా. 2000 కిలోలని 25తో భాగిస్తే 80. మావయ్య బోటు జారాలంటే 80 హార్స్‌పవర్ కావాలి. 25 అయితే రెంటికీ చెడ్డ రేవడి. జారడానికి చాలదు, తోసుకుంటూ పోవడానికి ఎక్కువ. మోయాల్సిన బరువు, తాగే పెట్రోలు మాత్రం పాతిక గుర్రాలవి.

షోరూముల్లో 10 అని కాకుండా 9.9 అని ఎందుకుంటుందో కూడా అప్పుడే తెలిసింది. అమెరికాలో చాలా సరస్సుల్లో 10 హార్స్‌పవర్ కన్నా తక్కువ ఇంజిన్లకే అనుమతి ఉంటుంది. ఆ గీత కిందకి రావడానికి 9.9 పుట్టింది. మన చెప్పుల షాపులో 999 లాంటిదే.

షాఫ్ట్ పొడవు, నా టేపు

గుర్రాల లెక్క తేలాక ఇక అయిపోయిందనుకున్నాను. అసలు ప్రాణం మీదకి తెచ్చేది ఇంకో కొలత.

అవుట్‌బోర్డ్‌లు షాఫ్ట్ పొడవుని బట్టి మూడు రకాలుగా వస్తాయి. షార్ట్ 15 అంగుళాలు, లాంగ్ 20, ఎక్స్‌ట్రా లాంగ్ 25. మోటారు తగిలించే వెనక చెక్క ఎత్తుకి ఇది సరిపోవాలి. ప్రొపెల్లర్‌కి కొంచెం పైన మోటారుకి అడ్డంగా ఒక పలక ఉంటుంది. పైనుంచి గాలి ప్రొపెల్లర్‌లోకి దిగకుండా ఆపేది అదే. అది బోటు అడుగుకి సమానంగా గానీ, ఒక అంగుళం కిందకి గానీ ఉండాలి. మరీ కిందకుంటే నీళ్లు అడ్డుపడి పెట్రోలు దండగ. మరీ పైకుంటే ప్రొపెల్లర్ గాలి పీల్చుకుంటుంది. ఇంజిన్ గీ అని అరుస్తుంది, బోటు మాత్రం కదలదు.

కదలకపోవడం మామూలు నీళ్లలో అయితే విసుగు, అంతే. మావయ్య వాళ్ల ఊళ్లో జెట్టీ లేదు. బోట్లు ఇసక మీద నుంచే దిగుతాయి, ఇసక మీదకే వస్తాయి. మధ్యలో కెరటాలు విరిగే పట్టీ దాటాలి. రెండేళ్ల కింద ఆ ఊళ్లోనే ఒకాయన చవగ్గా వచ్చిందని షార్ట్ షాఫ్ట్ మోటారు కొన్నాడట. ఒక రోజు బయటికి వెళుతుంటే బోటు ముక్కు కెరటం దాటి కిందకి వంగింది, వెనక భాగం పైకి లేచింది, ప్రొపెల్లర్ గాల్లో తిరిగింది. ఆ రెండు మూడు సెకన్లలో బోటు కెరటానికి అడ్డం తిరిగిపోయింది. తర్వాతి కెరటానికి బోల్తా. మనుషులు ఈదుకుంటూ ఒడ్డుకి వచ్చారు. వలలు పోయాయి, మోటారు ఉప్పునీళ్లలో మునిగి పాడైంది. మావయ్య ఈ కథ చెబుతున్నప్పుడు అత్త లేచి లోపలికి వెళ్లిపోయింది.

కాబట్టి ఈ కొలత నేనే తీస్తానని టేపు పట్టుకుని వెళ్లాను. బోటులోకి ఎక్కి, వెనక చెక్క పై అంచు నుంచి నేల దాకా కొలిచి, "పద్నాలుగున్నర అంగుళాలు మావయ్యా, షార్ట్ సరిపోతుంది" అని ప్రకటించాను. మావయ్య నవ్వి, టేపు తీసుకుని బోటు దిగి, బయట నుంచి కొలిచాడు. పై అంచు నుంచి బోటు అడుగు భాగం దాకా సరిగ్గా 20. నేను కొలిచింది లోపల వేసిన పలకల దాకా. ఆ పలకల కింద ఇంకో అయిదున్నర అంగుళాల బోటు ఉంది. నా లెక్క నమ్మి కొనుంటే ఆ బోల్తా కథలో మనుషుల పేర్లు మారేవి.

అక్కడే ఇంకోటి కూడా నేర్చుకున్నాను. ఆ వెనక చెక్కకి ఇంగ్లీషు పేరు నాకు తెలుసు, ట్రాన్సమ్. దానికి తెలుగు మాట ఉంటుందనే నాకు తట్టలేదు. బోటు వెనక భాగం అమరం, ముందు భాగం అణియం అని మావయ్య మామూలుగా అనేశాడు. ఈ పత్రికకి వ్యాసం రాయాలని అనిపించింది ఆ నిమిషంలోనే.

ప్రొపెల్లర్: అసలు గేరు ఇదే

బైకు మీద కొండ ఎక్కేటప్పుడు ఫస్ట్ గేర్ వేస్తాం. బోటులో ముందుకీ వెనక్కీ తప్ప వేరే గేర్లు లేవు. ఆ పని ప్రొపెల్లరే చేయాలి. దాని మీద రెండు సంఖ్యలు ఉంటాయి, వ్యాసం, పిచ్. పిచ్ అంటే ప్రొపెల్లర్ ఒక చుట్టు తిరిగితే, నీళ్లు గట్టిగా ఉండి మేకులా దిగగలిగితే, ఎన్ని అంగుళాలు ముందుకెళుతుందో ఆ దూరం.

ఒక లెక్క చూద్దాం. ఇంజిన్ నిమిషానికి 5000 చుట్లు తిరుగుతోంది. గేర్ నిష్పత్తి 2.08 అనుకుందాం, అంటే ప్రొపెల్లర్ సుమారు 2400 చుట్లు. పిచ్ 9 అంగుళాలైతే గంటకి దాదాపు 33 కిలోమీటర్ల వేగం రావాలి. మావయ్య బోటు వెళ్లేది 11 కిలోమీటర్లు. మిగతాదంతా జారుడు. చిన్న ప్రొపెల్లర్ వేగంగా తిరుగుతూ నీళ్లని వెనక్కి చిమ్ముతోంది తప్ప బోటుని తోయడం లేదు. తేలికైన స్పీడ్ బోటుకి సరిపోయే ప్రొపెల్లర్‌ని బరువు బోటుకి పెడితే జరిగేది ఇదే.

బరువు బోటుకి కావాల్సింది పెద్ద వ్యాసం, తక్కువ పిచ్, నిదానంగా తిరగడం. అందుకే ఒకే హార్స్‌పవర్‌లో రెండు రకాలు చేస్తారు. ఉదాహరణకి యమహా 9.9 ఫోర్ స్ట్రోక్‌లో మామూలు మోడల్ గేర్ నిష్పత్తి 2.08, హై థ్రస్ట్ మోడల్‌ది 2.92. అదే ఇంజిన్, అవే గుర్రాలు. రెండోది ప్రొపెల్లర్‌ని నిదానంగా, ఎక్కువ బలంతో తిప్పుతుంది. కాబట్టి పెద్ద ప్రొపెల్లర్ పెట్టుకోవచ్చు. హై థ్రస్ట్ దొరకకపోతే కనీసం తక్కువ పిచ్ ప్రొపెల్లర్ అడగాలి. కెరటం దాటడానికి కావాల్సింది వేగం కాదు, తోపు.

టూ స్ట్రోక్, ఫోర్ స్ట్రోక్, డీజిల్

ఇప్పుడు డబ్బుల సంగతి. టూ స్ట్రోక్‌లో ఆయిల్ పెట్రోలులోనే కలిపి పోస్తారు, సాధారణంగా 50కి 1, అంటే లీటరుకి 20 మిల్లీలీటర్లు. కొత్త ఇంజిన్‌కి మొదట్లో ఇంకా ఎక్కువ కలపాలి. నిర్మాణం సింపుల్, బరువు తక్కువ. కానీ సిలిండర్‌లోకి వచ్చిన పెట్రోలులో కొంత కాలకుండానే పొగతో పాటు బయటికి పోతుంది. ఫోర్ స్ట్రోక్‌లో ఆయిల్ వేరేగా ఉంటుంది. బరువు కొంచెం ఎక్కువ, శబ్దం, పొగ, ఖర్చు తక్కువ. డీజిల్ అన్నిటికన్నా పొదుపు, అన్నిటికన్నా బరువు, అన్నిటికన్నా గోల.

నా షీట్‌లో వేసుకున్న అంచనాలు ఇవి. ఒక హార్స్‌పవర్ గంటసేపు పనిచేస్తే టూ స్ట్రోక్ అర లీటరు, ఫోర్ స్ట్రోక్ 0.35 లీటరు, డీజిల్ పావు లీటరు తాగుతుంది. ఒక వేటకి ఇంజిన్ మూడు గంటలు నడుస్తుంది, సగటున 7 హార్స్‌పవర్ వాడుతుంది. మొత్తం 21 హార్స్‌పవర్ గంటలు. పెట్రోలు 110 రూపాయలు, డీజిల్ 98 వేసుకుంటే:

టూ స్ట్రోక్: 10.5 లీటర్లు, 1155 రూపాయలు, పైగా ఆయిల్.
ఫోర్ స్ట్రోక్: 7.35 లీటర్లు, దాదాపు 808 రూపాయలు.
డీజిల్: 5.25 లీటర్లు, దాదాపు 515 రూపాయలు.

ఏడాదికి 200 వేటలు అనుకుంటే టూ స్ట్రోక్‌కీ ఫోర్ స్ట్రోక్‌కీ తేడా 69 వేలు దాటుతుంది. చవగ్గా వచ్చిన మోటారు చవక కాదని ఇక్కడ తేలిపోయింది. ఆ 25 హార్స్‌పవర్ బేరం మావయ్య ఆ సాయంత్రమే వదిలేశాడు.

కరెంటు మోటారు ఎందుకు కాదని మీలో ఎవరైనా అడుగుతారు, నేనూ అడిగాను. 21 హార్స్‌పవర్ గంటలంటే 15.7 కిలోవాట్ అవర్లు. మోటారులో పోయేది, సముద్రంలో ఆగిపోకుండా మిగుల్చుకోవాల్సింది కలిపితే 22 దాకా కావాలి. టాటా టియాగో ఈవీ చిన్న మోడల్ బ్యాటరీయే 19.2. లిథియం బ్యాటరీ అయినా 170 కిలోల దాకా తూగుతుంది. అదే పని చేసే పెట్రోలు బరువు ఐదున్నర కిలోలు. సరస్సులో గంటసేపు తిరిగే బోటుకి కరెంటు మోటారు బ్రహ్మాండం. రోజూ ఇసక మీదకి లాగాల్సిన వేట బోటుకి ఇంకా కాదు.

నా షీట్‌లో లేని కాలమ్‌లు

లెక్క ప్రకారం గెలిచింది డీజిలే. ఫోర్ స్ట్రోక్ కన్నా వేటకి దాదాపు 300 రూపాయలు తక్కువ, ఏడాదికి 58 వేల పైనే. "మరి మళ్లీ డీజిలే వేసుకో మావయ్యా" అన్నాను, ల్యాప్‌టాప్ ఆయన వైపు తిప్పి.

మావయ్య స్క్రీన్ చూడలేదు. "ఈ చెవి ఎక్కడ వేశావురా ఇందులో?" అన్నాడు, ఎడమ చెవి చూపించి. ఒకటి ఎలాగూ పోయింది. రెండోది కూడా పోతే వెనక నుంచి వచ్చే బోటు వినబడదు, వల లాగుతున్నవాడు ఆపమని అరిస్తే వినబడదు. అత్త అందుకుంది: "ఆ మూడొందలూ నా గొంతుకి అనుకో. ఇంట్లో అన్నం తినమని పిలవాలన్నా అరవాల్సి వస్తోంది."

రెండో కాలమ్ మెకానిక్. "సముద్రం మీద ఇంజిన్ ఆగితే నీ లెక్క వచ్చి లాగదు. పాడైతే ఎవడు చేస్తాడు, సామాను ఎక్కడ దొరుకుతుంది, అది చెప్పు ముందు." టూ స్ట్రోక్‌కి ఊళ్లోనే ఇద్దరున్నారు. ఫోర్ స్ట్రోక్ చేసేవాడు కాకినాడలో ఉన్నాడు. మావయ్య రెండు రోజులు ఒడ్డంతా తిరిగి ఫోర్ స్ట్రోక్ వాడే మూడు బోట్లవాళ్లని అడిగాడు. ఏం పాడైంది, ఎన్ని రోజులు ఆగింది, ఎంతయింది. నేను వారం రోజులు నెట్‌లో చదివినదానికన్నా ఆ రెండు రోజుల సర్వే గట్టిది. ముగ్గురూ చెప్పింది ఒకటే: ఇంజిన్ కాదు, నీటి పంపు పోతోంది.

అది కూడా ఒడ్డు మహిమే. అవుట్‌బోర్డ్ సముద్రపు నీళ్లు పీల్చుకునే చల్లబడుతుంది. లోపల రబ్బరు రెక్కల చిన్న చక్రం ఆ నీళ్లని పైకి తోస్తుంది. ఇసకలో తిరిగితే రెక్కలు అరిగిపోతాయి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు వెనక నుంచి సన్నటి నీటి ధార పడుతూ ఉండాలి, అది ఆగితే వెంటనే ఇంజిన్ ఆపాలి. కాబట్టి ఒడ్డు దగ్గర మోటారు పైకి ఎత్తేయాలి, నీళ్లు తక్కువున్న చోట నడపకూడదు. వేట నుంచి రాగానే మంచినీళ్లతో పది నిమిషాలు కడగాలి. రోజూ అన్ని మంచినీళ్లు ఇంటి దగ్గర ఉన్నాయా అన్నది కూడా ఇంజిన్ ఎంచుకునేటప్పుడు అడగాల్సిన ప్రశ్నే.

పెట్రోలు గురించి ఒక మాట. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ తేమని లాక్కుంటుంది. ఎక్కువ రోజులు నిల్వ ఉంటే నీళ్లూ ఇథనాలూ కలిసి అడుక్కి దిగిపోవచ్చు. నిషేధం 61 రోజులూ ట్యాంకులో పెట్రోలు వదిలేస్తే జూన్ 15 పొద్దున్న ఇంజిన్ లేవకపోవడానికి అదే కారణం కావచ్చు. ట్యాంకు, కార్బురేటర్ ఖాళీ చేసి పెట్టుకోవాలి.

కొన్నాక కూడా ఒక పరీక్ష ఉంది

చివరికి మావయ్య కొన్నది కొత్త 9.9 ఫోర్ స్ట్రోక్, లాంగ్ షాఫ్ట్. అప్పు చేసే కొన్నాడు. నీటి పంపు చక్రాలు రెండు, స్పార్క్ ప్లగ్గులు విడిగా తీసుకున్నాడు. తెడ్లు బోటులోంచి తీయలేదు. నేను పట్టుబట్టింది ఒక్కటే, స్టాప్ స్విచ్ తాడు. నడిపేవాడి చేతికి కట్టుకుంటే, అతను నీళ్లలో పడగానే తాడు ఊడి ఇంజిన్ ఆగిపోతుంది.

ప్రొపెల్లర్ సరైనదో కాదో చూడటానికి ఒక పద్ధతి ఉంది. బోటు పూర్తి బరువుతో ఉన్నప్పుడు థ్రాటిల్ మొత్తం తిప్పాలి. ఇంజిన్ చుట్లు కంపెనీ చెప్పిన పరిధిలోకి రావాలి. ఈ ఇంజిన్‌కి అది 5000 నుంచి 6000. రాకపోతే పిచ్ ఎక్కువైనట్టు, ఇంజిన్ టాప్ గేర్‌లో కొండ ఎక్కుతున్నట్టు. పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే సుమారు 200 చుట్లు పెరుగుతాయి. కొత్త ఇంజిన్‌ని మొదటి పది గంటలు అలా పూర్తిగా తిప్పకూడదు కాబట్టి వేట మొదలై కొన్ని రోజులయ్యేదాకా ఆగాం.

చుట్లు కొలిచే మీటరు మావయ్య దగ్గర లేదు. మా బావమరిది చేత ఫోన్‌లో వీడియో తీయించి వాట్సాప్‌లో తెప్పించుకున్నాను. సిగ్నల్స్‌లో చదివిన ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్ మొదటిసారి నాకు ఇంటి పనికి అక్కరకొచ్చింది. రెండు సిలిండర్లు సమాన వ్యవధిలో పేలే ఫోర్ స్ట్రోక్‌లో ఒక్కో చుట్టుకి ఒక్క పేలుడు. ఆడియోలో 77 హెర్ట్జ్ దగ్గర ఒక శిఖరం, 154 దగ్గర, 231 దగ్గర ఇంకో రెండు కనబడ్డాయి. 77ని 60తో గుణిస్తే 4620. తక్కువ. డీలర్ దగ్గర రెండు అంగుళాలు తక్కువ పిచ్ ప్రొపెల్లర్ మార్పించారు. తర్వాత వచ్చిన వీడియోలో 84 హెర్ట్జ్. 5040. సరిపోయింది.

"ఇప్పుడు కెరటం దగ్గర తిప్పగానే తోస్తోందిరా" అన్నాడు మావయ్య. నా షీట్ మొత్తం మీద ఆయనకి నచ్చిన ఫలితం అదొక్కటే.

మీ ఇంట్లోనో, మీ ఊళ్లోనో ఎవరైనా బోటుకి ఇంజిన్ అడిగితే ఈ వరసలో అడగండి. బోటు పొడవెంత, నిండు బరువెంత? అమరం ఎత్తు బయట నుంచి కొలిస్తే ఎంత? బయల్దేరేది జెట్టీ నుంచా, కెరటాల్లోంచా? రోజుకి ఎన్ని గంటలు నడుస్తుంది? బాగుచేసేవాడు ఎంత దూరంలో ఉన్నాడు? అది రోజూ వినాల్సిన చెవులు ఎవరివి? ఇవన్నీ అయ్యాక గుర్రాలు ఎన్నో ఆ సంఖ్య దానంతటదే వస్తుంది.

మొన్న ఆదివారం మావయ్య వేట నుంచి తిరిగొస్తూ బోటులోంచే ఫోన్ చేశాడు. ఇంతకుముందు అలా చేస్తే నాకు వినబడేది ఇంజిన్ మోత, మధ్యలో "ఆఁ? ఆఁ?" మాత్రమే. ఈసారి నేను మామూలు గొంతుతో మాట్లాడితే ఆయనకి వినబడింది. బ్యాక్‌లాగ్ సంగతి అమ్మ చెప్పిందట. కాకినాడ తీరం దగ్గర, ఆరు నాట్ల వేగంతో వస్తూ, పది నిమిషాలు తిట్టాడు. ఒక్క మాట కూడా మిస్ కాలేదు.